గేటుకు కట్టిన తెల్లగుడ్డ

పంటి కింద రాయిలా ఏదో తగులుతూనే ఉంది. గ్యాసు కట్టేసిందా? కట్టేసింది. రెగ్యులేటరు తిప్పి, సిలిండరు మీద అరచెయ్యి వేసి, చంటిపిల్లకు చెప్పినట్టు "ఇక్కడే ఉండు, వచ్చేస్తా" అని కూడా అంది, అన్నందుకు తనకే నవ్వొచ్చింది. మరి ఏమిటిది? వెనక తలుపు గడియ వేసింది. వరండాలో పేము కుర్చీలు లోపలికి ఈడ్చింది. కాళ్ళు తుడుచుకునే పట్టా, చీపురు, గోడకు ఆనించిన నిచ్చెన, అన్నీ తీసింది. నిప్పురవ్వ ఎక్కడ కూర్చుంటుందో దానికే తెలీదు, మనం కుర్చీ వెయ్యకపోతే చాలు, అంటాడు ఫైర్ ఆఫీసరు. ఆ మాట ఎన్ని వీధుల్లో చెప్పి ఉంటాడో గానీ ప్రతిసారీ అప్పుడే కనిపెట్టినట్టు మొహం పెట్టేవాడు. ఆమె పిల్లల బెంచీ మీద, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుని, ఒళ్ళో సంచిని రెండు చేతులా పట్టుకుని, ఏం మర్చిపోయిందో వెతుక్కుంటోంది. బడి హాలంతా జనం. కొండ కింది కాలనీ మొత్తం మధ్యాహ్నానికల్లా ఇక్కడికొచ్చి పడింది. అడవి తగలబడుతున్నది కొండకు అవతల. ఇవతలికి ఇంకా రాలేదు. సాయంత్రం గాలి తిరిగితే రావచ్చు, తిరక్కపోతే రేపు ఎవరి కొంపకు వాళ్ళు పోవచ్చు. తిరుగుతుందో లేదో ఎవరూ చెప్పలేరు, అందుకే అందరూ చెబుతున్నారు. కిటికీల్లోంచి పడే ఎండ ఇటుకపొడి రంగులో ఉంది, ఎవరి మొహం చూసినా జ్వరం వచ్చినట్టుంది.

లేచి నిలబడింది. మళ్ళీ కూర్చుంది. కాళ్ళ దగ్గర మూట, అందులో డాక్టరుగారింటి కర్టెన్లు, అస్తరు వేసి కుట్టినవి, అంచులు ఇంకా ఇస్త్రీ కావాలి. సొంత బట్టలు రెండు జతలు తెచ్చుకుని ఎవరివో కర్టెన్లు మూటంత మోసుకొచ్చింది. మొగుడు చూస్తే తిడతాడు. ఆయన కొండ అవతలి కాలనీల వాళ్ళను బస్సులో ఎక్కించి దింపే పనిలో ఉన్నాడు, పొద్దుట్నించీ ఫోను అందడం లేదు. వీధిలో ఆమెను కర్టెన్లమ్మ అంటారు. అందరిళ్ళ కిటికీలూ ఆమెకు కొలతలతో సహా తెలుసు, అందుకే విజిల్ మాస్టారు ఆమెను చివరి వీధికి ఇన్‌ఛార్జిని చేశాడు. మాస్టారు డ్రిల్లు చెప్పి రిటైరైనవాడు, కాలనీ ప్రెసిడెంటయినా మెళ్ళో విజిల్ తియ్యలేదు. ఎండలు ముదరకముందే మొదలుపెట్టించాడు. చూరు గొట్టాల్లో ఎండుటాకులు తీయించాడు, అటక కన్నాలకు సన్నజల్లెడ కొట్టించాడు, గోడ చుట్టూ మొక్కలు పీకించి కంకర పోయించాడు. ఇల్లు కాలేటప్పుడు బావి తవ్వుతామా అని అందరి గేట్ల దగ్గరా ఒకే సామెత, ఒకే విజిల్. ఆఖరికి కిటికీలకు కర్టెన్లు కూడా ఉండకూడదన్నారు, వేడికి అద్దం పగిలితే ముందు అంటుకునేది అవేనట. తన చేత్తో కుట్టినవన్నీ తనే ఇల్లిల్లూ తిరిగి దింపించింది. దింపుతుంటే ఒక్కో ఇల్లూ కళ్ళజోడు తీసిన మనిషిలా బోసిగా, కాస్త బెదురుగా కనపడింది. పోనీలే, మళ్ళీ తగిలించేటప్పుడు పాత హుక్కులు మార్చుకుంటారు, నాకే పని, అని కూడా అనుకుంది. అనుకోకుండా ఉంటుందా.

అందరిళ్ళలోనూ దింపించింది. అందరిళ్ళలోనూనా?

"ఎంతయింది స్కోరు?" అని వెనక బెంచీలో ఎవరో ఎవరినో అడుగుతున్నాడు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. కానీ ఏడుస్తున్నవాళ్ళు కూడా ఎవరూ లేరు, అందరూ ఫోన్లకు కరెంటు ఎక్కడ పెట్టుకోవాలా అని గోడలు వెతుకుతున్నారు. గోడ మీద పిల్లలు వేసిన బొమ్మలు. ఇల్లు, ఇంటి మీద సూర్యుడు, ఇంటి పక్క చెట్టు, చెట్టు కొమ్మ ఇంటికప్పు మీదకు. ఆ కొమ్మ కొట్టించాలి అనుకుంది వెంటనే. ఇంత పిచ్చి పట్టింది తనకు ఈ రెండు నెలల్లో. ఎక్కడ పచ్చగా కనపడితే అక్కడ లోపల ఎండు ఎంతుందో చూడబుద్ధవుతుంది. వదిన ఇంటి పచ్చకంచె దగ్గర ఫైర్ ఆఫీసరు కర్రతో ఆకులు పక్కకు తోసి చూపించాడు కదా, పైకి నిగనిగలాడే పచ్చదనం, లోపలంతా గోధుమరంగు చెత్త, చెయ్యి పెడితే పొడి పొడిగా రాలుతుంది, ఆకు నలిపితే నూనె వాసన. ఇది కంచె కాదమ్మా, వత్తి, అన్నాడు. అడవి అంచున మొదలై వరండా దాకా వచ్చిన వత్తి. వదిన ఇల్లు వీధికి ఆఖరిది, దాని తర్వాత కొండే.

వదిన పేరు తలవగానే ఆమె ఆ ఆలోచనను పక్కకు జరిపింది. వదిన ఇక్కడే ఉంటుంది. పై అంతస్తులో ఏదో గదిలో. మందుల షాపు వాళ్ళ వ్యానులో వచ్చి ఉంటుంది, వాళ్ళది పక్కిల్లే. పొద్దున ఆయన బస్సెక్కబోతూ షూ లేసు కట్టుకుంటూ, తలెత్తకుండానే, "అక్కయ్య సంగతి చూడు" అన్నాడు. "చూస్తాలెండి" అంది. చూసింది కూడా. వీధిలో ప్రతి గేటూ చూసింది. పద్ధతి అదే కదా, ఆమె పాత పరుపు గలేబులు చింపి అందరికీ పంచిన తెల్లగుడ్డలు, ఇంట్లోంచి అందరూ బయటపడ్డాక తాళం వేసి గేటుకు గుడ్డ కట్టాలి. గుడ్డ ఉంటే లోపల ఎవరూ లేనట్టు. గుడ్డ లేని గేటు దగ్గరే ఇన్‌ఛార్జి ఆగాలి, కొట్టాలి, పిలవాలి. ఫైరింజను వాళ్ళూ గుడ్డ చూసుకునే పోతారు, ఖాళీ ఇంటి దగ్గర నిలబడే తీరిక వాళ్ళకుండదు. ఆమె వీధి ఆ చివరి నుంచి ఈ చివరి దాకా నడిచింది. గుడ్డ, గుడ్డ, టైలరింగు మిషను ఉన్న తన ఇంటికి గుడ్డ, మందుల షాపు వాళ్ళ గేటుకు గుడ్డ. వదిన గేటుకు గుడ్డ. ఆ గుడ్డ కనపడగానే గుండెల మీంచి బండ దింపినట్టయింది. గేటు తట్టక్కర్లేదు. వదినా అని పిలవక్కర్లేదు. పిలిస్తే లోపల్నించి వచ్చే ఆ నిశ్శబ్దాన్ని వినక్కర్లేదు. వెళ్ళిపోయింది, మంచిది, అనుకుని వెనక్కి తిరిగింది, తిరిగి దాదాపు పరుగెత్తింది.

నీకు కొయ్యడం తప్ప ఏం చేతకాదు. అదీ వదిన తనతో అన్న ఆఖరి మాట. అది వదిన ఫిజియోథెరపీకి ఆసుపత్రికి వెళ్ళిన పూట. కమిటీ పిలిపించిన కోతమనుషులు ఆ రోజే ఉన్నారు, మళ్ళీ ఎప్పుడొస్తారో తెలీదు. కంచె కొట్టించాలని అంతకుముందు వదినకు చెప్పింది, చెప్పినప్పుడల్లా వదిన "చూద్దాంలే" అంది. చూద్దాం చూద్దాం అంటూ ఎండలు నెత్తి మీదికి వచ్చాయి. కోతమనిషి రంపం చేత్తో పట్టుకుని గేటు దగ్గర నిలబడి, "ఏం చెయ్యమంటారమ్మా?" అన్నాడు. "కొట్టేయండి, నేను చెప్పుకుంటాను" అంది. చెప్పుకోవడానికి వీలు పడలేదు. ఆటో దిగిన వదిన గేటు ముందు అలా నిలబడిపోయింది, మోకాలి ఎత్తు మోళ్ళు, వాటి వెనక వరండా, వరండాలో కుర్చీ, కుర్చీ మీద మడతపెట్టిన తువ్వాలు, అన్నీ వీధిలోకి కనపడుతూ. సగం మొహంతోనే ఆ మాట అంది. అని లోపలికి పోయింది. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు, వదిన ఇద్దరు రాజుల పెట్టు. నేనేమైనా సరదాకి కొట్టించానా? నీ ఇల్లే కాదుగా, నీ ఇల్లంటుకుంటే మందుల షాపు వాళ్ళది, తర్వాత మాది, తర్వాత వీధంతా. ఈ వాదన ఆమె ఎన్నిసార్లో గెలిచింది, అంట్లు తోముతూ, మిషను తొక్కుతూ, పక్క మీద పొర్లుతూ. గెలిచిన ప్రతిసారీ ఇంకాస్త ఉక్కపోసింది.

పై అంతస్తుకు వెళ్ళి చూసి రావచ్చు కదా. మెట్లు అవిగో. వెళ్తే వదిన ఏదో గదిలో గోడ వైపు తిరిగి కూర్చుని ఉంటుంది, తనను చూసి ఇంకా గోడ వైపు తిరుగుతుంది. వదిన ఎవరివైపూ తిరగదు ఇప్పుడు. పోయిన చలికాలం ఒక పొద్దున పళ్ళు తోముకుంటుంటే నీళ్ళు పెదవి పక్కనుంచి కారాయట, అద్దంలో చూసుకుంటే ఎడమ సగం జారిపోయి ఉంది. నరం వాపు, తగ్గుతుంది అన్నారు. కొంత తగ్గింది, కొంత అలాగే నిలిచిపోయింది. అంతకుముందు వదిన పోస్టాఫీసు కౌంటర్లో కూర్చునేది, లైన్లో నిలబడ్డవాళ్ళందర్నీ పలకరించకుండా కవరు తీసుకునేది కాదు, అలాంటి మనిషి నెలల తరబడి వీధిలోకి రాలేదు. వరండాలోకి మాత్రం వచ్చేది. సాయంత్రాలు పచ్చకంచె వెనక కుర్చీ వేసుకుని, రేడియో చిన్నగా పెట్టుకుని. కంచె సందుల్లోంచి వదినకు వీధంతా కనపడేది, వీధికి వదిన కనపడేది కాదు. పిల్లలు సైకిళ్ళు పడేసుకుంటే కంచె లోపల్నించే కేకేసేది, "దెబ్బ తగిలిందిరా?" అని. గొంతు మాత్రం అదే పాత గొంతు.

కంచె లోపల్నించి కంచె బయటికి. లోపలివాళ్ళకు బయట కనపడాలి, బయటివాళ్ళకు లోపల కనపడకూడదు. పాతికేళ్ళుగా ఎవరు గుడ్డ పట్టుకొచ్చినా ఆమె మొట్టమొదట అడిగే మాట అదే కదా, ఏం దాచాలండీ, ఎండనా, మనుషుల్నా అని. వదిననొక్కదాన్నే అడగలేదు. ఒకరి కిటికీకి కర్టెన్ పీకి వీధిలో పడేసినట్టు చేసింది. అయ్యో, అంది పైకే. పక్క బెంచీలో పిల్ల తలెత్తి చూసింది. అయ్యో, అది కర్టెనే, చెట్లతో కుట్టుకున్న కర్టెన్. కొట్టించడం తప్పు కాదు, కొట్టించకపోతే ఇవాళ అందరికంటే ముందు ఏడ్చేది తనే, కానీ రంపం మొదలయ్యే ముందు ఒక్కరోజు, ఒక్కపూట, వదినా దాని బదులు ఏం కట్టుకుందాం అని అడిగి ఉంటే? వరండాకు వెదురు తెరలు వద్దు గానీ, మంటకు అంటుకోని గుడ్డ దొరుకుతుంది, హోటళ్ళకు వాడతారు, తనకు తెలీనిదా. తేలు కుట్టిన దొంగలా ఇన్నాళ్ళూ నోరు మూసుకుని తిరిగింది, పైగా వదినే మొండిదని.

అలాంటి మనిషి ఈ హాల్లో కూర్చుంటుందా? ట్యూబులైట్ల కింద, ఊరు ఊరంతా ఎదురుగా? కూర్చుంటుంది, ఎందుకు కూర్చోదు, ప్రాణం కంటేనా. గుడ్డ కట్టి ఉంది. కట్టి ఉంది కదా. గుడ్డ వెనక గేటు, గేటు వెనక మోళ్ళు, మోళ్ళ వెనక వరండా, వరండాలో కుర్చీ లేదు, కిటికీకి నీలంరంగు కర్టెన్. కర్టెన్ ఉంది. చూసింది పొద్దున, చూసి, నా మీద కోపంతో దింపలేదు చూడు, ఇంత పట్టుదలా, అని మూతి విరిచి ముందుకు పోయింది. వదిలిపోయే ఇంటికి కర్టెన్ ఉంచుతారా, కోపంతో? ఉంచుతారు. కోపం చాలు దానికి. కానీ గుడ్డ. ఆ గుడ్డ ఎలా ఉంది? గేటు రెండు రెక్కలకూ కలిపి చుట్టి ఉంది, చదునుగా, మడత పడకుండా, ఆమెకు నచ్చింది కూడా, వదిన ఏది కట్టినా పోస్టు పార్సిల్లా కడుతుంది అనుకుంది. ముడి ఎక్కడ? మిగతా గేట్లకు ముడి ఇటువైపు, రోడ్డువైపు, చెవులు వేలాడుతూ. బయటికొచ్చి, తాళం వేసి, బయట నిలబడి కట్టేవాళ్ళకు ముడి బయటే పడుతుంది. వదిన గేటుకు చెవులు లేవు. చదునైన గుడ్డ మాత్రమే ఉంది. ముడి అటువైపు ఉంది. ముడి లోపల వేసిన చేతులు గేటుకు లోపల ఉన్నాయి.

మూట తన్నుకుని పడబోయింది. మందుల షాపావిడ కిటికీ దగ్గర పాపకు నీళ్ళు తాగిస్తోంది. "మా వదిన మీ వ్యాన్లో రాలేదా?" అంది.

"మీతో రాలేదా? నిన్న అడిగితే మా మరదలు తీసుకెళ్తుందిలే అంది. పొద్దున గేటుకు గుడ్డ ఉందని మేం బయల్దేరిపోయాం."

మా మరదలు తీసుకెళ్తుందిలే. ఆ మాట వదిన నోట్లోంచి ఎలా వచ్చి ఉంటుంది? అబద్ధం చెప్పడానికి కూడా వదినకు తనే దొరికింది. ఫోను చేసింది. మోగింది, మోగి మోగి ఆగింది. మళ్ళీ చేసింది. తీయదు, వదినకు ఆమె నంబరు చూడగానే తెలుస్తుంది. హాలు గుమ్మంలో వైర్‌లెస్ సెట్టు పట్టుకున్న ఫైరతను నిలబడి ఉన్నాడు, మసి మొహం, కళ్ళు ఎర్రగా. ఆమె చెప్పేదంతా విని, "ఆ వీధంతా చూసేశామమ్మా. గుడ్డ ఉంటే ఖాళీ ఇల్లే" అన్నాడు. "ముడి లోపల ఉందండీ" అంది. అతనికి అర్థం కాలేదు. ఆమె చేతిలో సంచి పట్టీని తలుపు గడియకు చుట్టి, ముడి వేసి చూపించింది. "నేను ఇటు నిలబడి కడితే ముడి ఇటు వస్తుంది. అటు ఉందంటే మనిషి అటు ఉన్నట్టు." అతను ముడి వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు, సెట్టులో ఏదో అన్నాడు. "గాలి తిరుగుతోందంటున్నారు. జీపు ఇప్పుడే పోతోంది, ఎక్కండి. మీరు పిలిస్తే వస్తుందా?" ఎక్కింది. పిలిస్తే రాదేమో అని చెప్పలేదు.

ఈ రోడ్డు రోజూ ఇంత పొడుగ్గా ఉంటుందా? ఎదురుగా ఒక్క బండి లేదు. బూడిద సన్నగా పడుతోంది, అద్దం మీద తుడిస్తే మరకవుతోంది. మలుపులో ఎప్పుడూ అరిచే కుక్క లేదు, దాని గిన్నె ఉంది. తన పెళ్ళయిన కొత్తలోని మాటలు, కొత్తకోడలుగా వచ్చినప్పుడు మొదటి కుట్టుమిషను కొనిపించింది వదినే కదా, ఊరికే తిని కూర్చుంటే వీడు నీకు విలువివ్వడమ్మాయ్ అని, తమ్ముడి గురించే, తమ్ముడి ముందే. మొదటి కర్టెన్ ఆ నీలంది. వంకర కుట్టు, అంచు ఒకవైపు పొడుగు. ఇన్నేళ్ళూ మార్చనివ్వలేదు. మార్చుతానంటే, దీనికేం అనేది. దేవుడా, గాలిని ఒక్క గంట ఆపు. ఒక్క గంట చాలు. కాలనీ వచ్చింది. బోసి కిటికీలు, గేటు గేటుకూ తెల్లగుడ్డ, చెవులన్నీ ఇటే వేలాడుతూ, ఇప్పుడు గాలికి అటూ ఇటూ కొట్టుకుంటూ. కొండ మీద పొగ మధ్యాహ్నం కంటే దగ్గరగా, గోధుమరంగులో, కింది అంచున ఎర్రగా.

వదిన వరండా మెట్టు మీద ఉంది. సగం మొహానికి తువ్వాలు చుట్టుకుని, నీళ్ళ పైపు పట్టుకుని మోళ్ళను తడుపుతోంది. జీపు చప్పుడుకు తిరగలేదు.

"వదినా."

"గుడ్డ కట్టాను కదా. మళ్ళీ ఎందుకొచ్చావు?"

"ముడి లోపల వేశారు."

పైపులోంచి నీళ్ళు ఒకేచోట పడుతున్నాయి. వదిన గేటు వైపు చూసింది, తను వేసిన ముడినే కొత్తగా చూస్తున్నట్టు. "అంత చూశావేం" అంది. తర్వాత, "బళ్ళో ఎంతమందున్నారు?"

"ఊరంతా ఉంది." అబద్ధం చెప్పడానికి టైము లేదు. "మెట్ల కింద చిన్న గదుంది, మ్యాపులు పెట్టుకునేది. నా దగ్గర డాక్టరుగారి కర్టెన్లున్నాయి, అస్తరు వేసినవి, దీపం పెట్టినా నీడ కూడా కనపడదు. కట్టేస్తాను. ఎవర్నీ రానివ్వను. నేనూ రాను లోపలికి, బయటే కూర్చుంటా." ఇంకా ఒకటి చెప్పాలి. "అడక్కుండా కొట్టించాను వదినా. అడగాల్సింది."

జీపులో అతను హారన్ కొట్టాడు. వదిన పైపు కింద పడేసి, కుళాయి కట్టి, చెప్పులు వెతుక్కుని గేటు దగ్గరికి వచ్చింది. ముడి విప్పబోయింది. నీళ్ళకు తడిసి బిగుసుకుపోయింది ముడి, గోళ్ళు జారుతున్నాయి. పార్సిల్లా కట్టే ముడి, వదిన ముడి, అది ఊరికే వస్తుందా. ఆమె ఊచల సందులోంచి చెయ్యి దూర్చింది, అందలేదు. అవతల ఏదో చిటపటమంది, చెట్టో, రాయో. వదిన వేళ్ళు ఆగిపోయాయి. మొదటిసారి ఆమె కళ్ళలోకి చూసింది, కుడికన్ను ఆర్పుతూ, ఎడమకన్ను ఆర్పలేక నీరు కారుస్తూ. వదినకు భయం వేస్తోంది, ఇంతసేపూ వేస్తూనే ఉంది.

ఆమె సంచిలో చెయ్యి పెట్టి కత్తెర తీసింది. గుడ్డకు ఇటువైపు అంచు దగ్గర పెట్టి, ఆగింది.

"కొయ్యనా వదినా?"

తువ్వాలు మెడ మీదికి జారింది. వదిన సర్దుకోలేదు. సగం మొహం నవ్వింది, సగం మొహం ఉన్నట్టే ఉంది.

"కొయ్యి" అంది.